వెతకని చోట దొరికిన గడ్డ

కిడ్నీలో రాయి అనుమానంతో తీయించిన సీటీ స్కాన్ రిపోర్టు చేతికొస్తుంది. రాయి ఐదు మిల్లీమీటర్లే, మందులు వాడి నీళ్లు బాగా తాగితే పడిపోతుందని డాక్టరు చెబుతారు. హమ్మయ్య అనుకుని ఇంటికొచ్చాక, కాలేజీలో చదివే కూతురో కొడుకో ఆ కాగితం తీసి చివరిదాకా చదువుతారు. కింద నుంచి రెండో వరుసలో ఉంటుంది: ఎడమ అడ్రినల్ గ్రంథిలో 2.2 సెంటీమీటర్ల గడ్డ. ఇక రాయి ఊసే ఉండదు. ఫోన్లో వెతికితే మొదట కనిపించేది కేన్సర్ అనే మాట. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు.

ఇది ఫలానా ఇంటి కథ కాదు. చెన్నైలో హార్మోన్ల డాక్టర్ల దగ్గరికి ఏటా ఎందరో తెచ్చుకునే కథ. వాళ్లలో తెలుగువాళ్లూ తక్కువేం కాదు. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు వాళ్లకు పెద్ద వైద్యం అంటే మొదటినుంచీ మద్రాసే, లేదంటే వేలూరు. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి సెంట్రల్లో దిగితే ఎదురుగానే జీహెచ్, అంటే ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి. 1664లో సెయింట్ జార్జి కోటలో చిన్న వైద్యశాలగా మొదలైన ఆసుపత్రి అది. దాన్ని ఆనుకునే 1835 నాటి మద్రాసు మెడికల్ కాలేజీ. కార్పొరేట్ ఆసుపత్రుల సంస్కృతి మొదలైందీ ఈ ఊళ్లోనే. చిత్తూరు జిల్లా అరగొండకు చెందిన ప్రతాప్ సి. రెడ్డి గ్రీమ్స్ రోడ్డులో అపోలో ఆసుపత్రిని తెరిచింది 1983లో. ఆ తర్వాత మాస్టర్ హెల్త్ చెకప్ అనే మాట మధ్యతరగతి ఇళ్లలో మామూలైపోయింది. పరీక్షలు పెరిగేకొద్దీ, వెతకనివి దొరకడమూ పెరిగింది. అపోలో తెరుచుకోవడానికి ఏడాది ముందు, 1982లో, ఇలా యాదృచ్ఛికంగా బయటపడే అడ్రినల్ గడ్డలకు అమెరికన్ వైద్యులు ‘ఇన్సిడెంటలోమా’ అని పేరు పెట్టారు. అంటే సీటీ యంత్రాలు వచ్చిన పదేళ్లకే వైద్యులకు ఇదొక సమస్యగా తయారైందన్నమాట.

కరోనా కాలంలో ఇది ఇంకాస్త పెరిగింది. ఊపిరితిత్తుల కోసం తీసిన ఛాతీ సీటీలో ఆఖరి చిత్రాలు పొట్ట పైభాగం దాకా వస్తాయి. అడ్రినల్ గ్రంథులు ఉండేది సరిగ్గా అక్కడే. వైరస్ ఎంత పాకిందో చూడబోయి, ఏళ్ల తరబడి మౌనంగా ఉన్న గడ్డను పట్టుకున్న సందర్భాలు అలా వచ్చాయి. అల్ట్రాసౌండ్‌కు మాత్రం ఇంత చూపు లేదు. చిన్న గడ్డలు, అందులోనూ ఎడమవైపువి, దానికి తరచూ దొరకవు.

మూత్రపిండాల నెత్తిన టోపీల్లా కూర్చునే ఈ గ్రంథులు ఒక్కోటీ నాలుగైదు గ్రాముల బరువు. అంతటి చిన్న కండలో నిజానికి రెండు వేర్వేరు కర్మాగారాలున్నాయి. బయటి పొరలో కార్టిసాల్, ఆల్డోస్టెరాన్, కొంత పురుష హార్మోను తయారవుతాయి. లోపలి గుజ్జులో అడ్రినలిన్, నారడ్రినలిన్. గడ్డ ఎక్కడైనా లేవవచ్చు. నడివయసు దాటినవాళ్లకు పొట్ట సీటీలు తీస్తే నూటికి ముగ్గురు నలుగురిలో ఏదో ఒక అడ్రినల్ గడ్డ కనిపిస్తుంది. డెబ్భై దాటాక ఇది నూటికి ఏడెనిమిది దాకా వెళ్తుంది. ముప్పై లోపు మాత్రం చాలా అరుదు. అందుకే పాతికేళ్లవాళ్లలో, పిల్లల్లో, గర్భిణుల్లో దొరికిన గడ్డను తొందరగా, ఎక్కువ జాగ్రత్తగా చూడాలి. అరవై ఐదేళ్ల మనిషిలో రెండు సెంటీమీటర్ల గడ్డ మాత్రం, తలలో తెల్లవెంట్రుక కాకపోయినా, దానికి మరీ దూరమూ కాదు.

వైద్యుడు అడగాల్సిన ప్రశ్నలు ముఖ్యంగా రెండు. ఇది కేన్సరా? ఇది హార్మోన్లు ఎక్కువగా వదులుతోందా? మన దేశంలో మూడోది కూడా ఉంది, దాని సంగతి తర్వాత.

మొదటి ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఆ స్కాన్‌లోనే ఉంటుంది, కొత్త పరీక్ష అక్కర్లేదు. దీని వెనక ఉన్నది గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు. విశ్వవిద్యాలయ పట్టా లేని మనిషి. ఇ.ఎం.ఐ. కంపెనీలో పనిచేస్తూ సీటీ యంత్రాన్ని తయారుచేశాడు. 1971 అక్టోబరు 1న లండన్ శివార్లలోని ఆసుపత్రిలో మొదటి రోగి తలను దానితో స్కాన్ చేశారు. 1979లో అలన్ కోర్మాక్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. సీటీలో ప్రతి చుక్కకూ ఒక సాంద్రత అంకె ఉంటుంది, దాన్ని ఆయన పేరుతోనే హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో కొలుస్తారు. నీటికి సున్నా, గాలికి మైనస్ వెయ్యి, కొవ్వుకు మైనస్ వంద ప్రాంతం, మెత్తటి కండకు ముప్పై నలభై.

అడ్రినల్ గడ్డకు దీనితో సంబంధం ఏమిటంటే, గ్రంథి బయటి పొర కణాలు కొలెస్ట్రాల్‌ను ముడిసరుకుగా వాడి హార్మోన్లు చేస్తాయి. అందుకే ఆ కణాల నిండా కొవ్వు బిందువులుంటాయి. ఆ పొరలోంచి పుట్టే నిరపాయకరమైన గడ్డ, అంటే అడినోమా, చాలాసార్లు ఈ కొవ్వును నిలుపుకుంటుంది. కాబట్టి సీటీలో దాని అంకె తక్కువగా పడుతుంది. రేడియాలజిస్టు తెరమీద గడ్డ మధ్యలో మౌస్‌తో చిన్న వృత్తం గీస్తాడు. పక్కన అంకె వస్తుంది. గడ్డ అంతా ఒకే తీరుగా ఉండి ఆ అంకె పది, లేదా అంతకన్నా తక్కువ అయితే, అది కేన్సర్ కాదు. 2023లో ఐరోపా ఎండోక్రైన్ సంఘం, అక్కడి అడ్రినల్ కణితుల అధ్యయన బృందం కలిసి సవరించిన మార్గదర్శకాలు ఇంకో అడుగు ముందుకేశాయి. అలాంటి గడ్డ ఎంత పెద్దదైనా కేన్సర్ భయంతో మళ్లీ స్కాన్ చేయించనక్కర్లేదని తేల్చేశాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఈ అంకె పనికొచ్చేది మందు ఎక్కించకుండా తీసిన ప్లెయిన్ సీటీలోనే. రక్తనాళంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించాక గడ్డ రక్తంతో పాటు దాన్నీ పీల్చుకుంటుంది. అంకె యాభై దాటుతుంది, మంచి గడ్డకూ చెడ్డ గడ్డకూ తేడా చెరిగిపోతుంది. రాయి కోసం వచ్చిన మనిషి ఈ విషయంలో అదృష్టవంతుడు. సీటీ కేయూబీ అని రాసిచ్చేది ప్లెయిన్ స్కానే, రాయి చూడటానికి కాంట్రాస్ట్ అడ్డం. కడుపునొప్పికో, మరో అనుమానానికో నేరుగా కాంట్రాస్ట్ సీటీ తీయించుకున్నవాళ్లే ఇంకోసారి ప్లెయిన్ సీటీకి వెళ్లాల్సి వస్తుంది. గడ్డ సైజు రాసి అంకె రాయకుండా వదిలేసిన రిపోర్టులు బోలెడు. నా దృష్టిలో అవి సగం రిపోర్టులు.

అంకె పది దాటితే వెంటనే కేన్సరనుకోవద్దు. కొవ్వు తక్కువ ఉన్న అడినోమాలూ ఉంటాయి. పదకొండు నుంచి ఇరవై మధ్య ఉండి, నాలుగు సెంటీమీటర్ల లోపు, ఒకే తీరుగా ఉన్నవాటిలో అపాయం తక్కువే. ఇంకో రకం స్కానో, ఏడాదికి మళ్లీ ఒక సీటీయో సరిపోతుంది. ఇరవై దాటి, నాలుగు సెంటీమీటర్లకు మించి, లోపల అక్కడక్కడ రంగు మారి కనిపించేదాన్ని మాత్రం ఒక్క డాక్టరు తేల్చకూడదు. హార్మోన్ల డాక్టరు, రేడియాలజిస్టు, సర్జన్ కలిసి కూర్చోవాలి. అడ్రినల్ బయటి పొర కేన్సర్ నిజంగా భయంకరమైనదే, కానీ అరుదు. పది లక్షల మందిలో ఏడాదికి ఒకరో ఇద్దరో.

ఇక రెండో ప్రశ్న, హార్మోన్లు. గడ్డ ఎంత చిన్నదైనా ఈ ప్రశ్న తప్పదు.

కార్టిసాల్ సంగతి తేల్చే పరీక్షకు ఖర్చు ఆశ్చర్యపోయేంత తక్కువ. కరోనా రోజుల్లో అందరి నోళ్లలో నానిన డెక్సామెథసోన్ మాత్రే దీనికి మందు. అర మిల్లీగ్రాము మాత్రలు రెండు రాత్రి పదకొండింటికి మింగి పడుకోవాలి. పొద్దున ఎనిమిదికి రక్తం ఇవ్వాలి. డెక్సామెథసోన్ కార్టిసాల్‌ను పోలిన స్టెరాయిడ్. అది రక్తంలో కనబడగానే మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి ‘ఇప్పటికి చాలు’ అనుకుని, అడ్రినల్స్‌కు పంపే సంకేతాన్ని ఆపేస్తుంది. మామూలు అడ్రినల్స్ పని మానేస్తాయి, పొద్దుటికి కార్టిసాల్ డెసిలీటరుకు 1.8 మైక్రోగ్రాములకో, ఇంకా కిందికో దిగిపోతుంది. గడ్డ మాత్రం ఎవరి మాటా వినకుండా తన పని తాను చేసుకుపోతుంటే, అంకె దానిపైనే నిలుస్తుంది.

మింగింది రెండు మాత్రలే కదా అని ఈ పరీక్షను తేలిగ్గా తీసుకుంటే తప్పుదారి పట్టిస్తుంది. గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలలో రక్తంలో కార్టిసాల్‌ను మోసే ప్రోటీన్ పెరిగి, జబ్బు లేకున్నా అంకె ఎక్కువ చూపిస్తుంది. మూర్ఛకు వాడే ఫినైటాయిన్, కార్బమజెపిన్, క్షయకు వాడే రిఫాంపిసిన్ డెక్సామెథసోన్‌ను కాలేయంలో గబగబా కరిగించేస్తాయి. రాత్రంతా పనిచేసి పగలు పడుకునేవాళ్లకు శరీర గడియారమే తలకిందులు. చెన్నై ఓఎంఆర్ వెంట ఉన్న ఐటీ కంపెనీల్లో నైట్ షిఫ్టు చేసేవాళ్లు ఆ సంగతి డాక్టరుతో ముందే చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం, మోకాళ్ల నొప్పులకు, ఉబ్బసానికి ఎవరో ఇచ్చిన పేరులేని పొట్లాలు, మొహం తెల్లబడటానికి పూసుకునే క్రీములు. వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉండటం మన దేశంలో మామూలే. అవి వాడుతున్నామని ఒక్క మాట చెప్పకపోతే మొత్తం లెక్క తారుమారవుతుంది.

అంకె 1.8 దాటినంత మాత్రాన ముఖం చంద్రబింబంలా ఉబ్బి, పొట్ట మీద ఊదా చారలు వచ్చే కుషింగ్స్ జబ్బు ఉన్నట్టు కాదు. ఎక్కువమందిలో అది నామమాత్రపు అధికోత్పత్తి. మనిషి చూడటానికి మామూలుగానే ఉంటాడు. కాకపోతే బీపీ, షుగరు, ఎముకల బోలుతనం, గుండెజబ్బు వాళ్లలో మిగతావాళ్లకన్నా ఎక్కువగా కనిపిస్తాయి. చెన్నైలో ఈ ముడి విప్పడం కష్టం. దేశంలో తొలి మధుమేహ ఓపీని 1948లో స్టాన్లీ ఆసుపత్రిలో డాక్టర్ ఎం. విశ్వనాథన్ మొదలుపెట్టిన ఊరు ఇది. ఇక్కడ అరవై దాటిన మనిషికి షుగరుంటే అది గడ్డ చలవో, అన్నం చలవో, తాత తండ్రుల చలవో ఎవరు చెప్పగలరు? కాబట్టి ఆపరేషన్ నిర్ణయం అంకె ఒక్కదాన్నే బట్టి జరగదు. యాభై ఏళ్ల మనిషిలో మూడు నాలుగు మందులకూ లొంగని బీపీ, ఈమధ్యే మొదలై వేగంగా ముదిరిన షుగరు, విరిగిన వెన్నుపూస, వాటికి తోడు ఒక వైపే గడ్డ ఉంటే తీసేయడంలో అర్థముంది. ఎనభై ఏళ్ల తాతగారికి సర్దుబాటులో ఉన్న బీపీ కోసం కత్తి పట్టడంలో నాకైతే ఏ అర్థమూ కనిపించదు.

ఆల్డోస్టెరాన్ గురించి తక్కువ చెప్పినా చాలు. గడ్డ దీన్ని ఎక్కువగా వదిలి బీపీ పెంచే జబ్బును 1955లో అమెరికాలో జెరోమ్ కాన్ వర్ణించాడు. బీపీ ఉన్నా, రక్తంలో పొటాషియం తగ్గినా ఆల్డోస్టెరాన్‌నూ, మూత్రపిండాలు వదిలే రెనిన్‌నూ కొలిచి నిష్పత్తి చూడాలి. బీపీ ఉన్నవాళ్లలో ఈ ఒక్క పరీక్షా జరగక ఏళ్లకేళ్లు మాత్రలు మింగుతూ ఉండేవాళ్లు చాలామంది.

అడ్రినలిన్ గడ్డ సంగతి వేరు. అక్కడ తప్పు జరిగితే ప్రాణం మీదికి వస్తుంది. 1886లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో పద్దెనిమిదేళ్ల అమ్మాయి గుండెదడ, తలనొప్పి, మొహం పాలిపోవడం లాంటివి అలల్లా వచ్చిపోతూ చనిపోయింది. శవపరీక్షలో రెండు అడ్రినల్స్‌లోనూ గడ్డలు. ఫెలిక్స్ ఫ్రాంకెల్ ఆ కేసును ప్రచురించాడు. నూట ఇరవై ఏళ్ల తర్వాత, 2007లో, ఆ కుటుంబంలో ఇప్పుడున్నవాళ్ల జన్యువులు పరీక్షిస్తే ‘రెట్’ అనే జన్యువులో మార్పు దొరికింది. వంశపారంపర్యంగా థైరాయిడ్ కేన్సర్, అడ్రినల్ గడ్డలు తెచ్చే మార్పు అది. ఫియోక్రోమోసైటోమా అనే ఈ గడ్డను 1926లో స్విట్జర్లాండులో సీజర్ రూ, అమెరికాలో చార్లెస్ మేయో విజయవంతంగా తీశారు. లోపల ఉన్నది ఏమిటో ముందుగా తెలియకుండానే కోశారంటే అది వాళ్ల నైపుణ్యమే కాదు, ఆ రోగుల అదృష్టం కూడా.

ఎందుకంటే గడ్డను కదిపితే చాలు, అందులోని అడ్రినలిన్ ఒక్కసారిగా రక్తంలోకి దూకుతుంది. బీపీ 250 దాటవచ్చు. సూది గుచ్చినా అంతే. అందుకే అడ్రినల్ గడ్డలో సూదిపరీక్ష మాట ఎత్తేముందు, అడ్రినలిన్ విరిగితే వచ్చే మెటానెఫ్రిన్ పరీక్ష జరిగి తీరాలి. రక్తంలో అయితే అరగంట వెల్లకిలా పడుకోబెట్టి తీయాలి. లేదంటే ఇరవైనాలుగు గంటల మూత్రాన్ని డబ్బాలో పట్టి ఇవ్వాలి. ప్లెయిన్ సీటీలో పదిలోపు అంకె వచ్చిన గడ్డకు మాత్రం ఈ పరీక్ష కూడా అక్కర్లేదు. కొవ్వు నిండిన గడ్డ అడ్రినలిన్ గడ్డ కాదు. జబ్బు ఖాయమైతే ఆపరేషన్‌కు ముందు పది పద్నాలుగు రోజులు ఆల్ఫా బ్లాకర్ మాత్రలు ఇచ్చి, ఉప్పు, నీళ్లు పెంచి, రక్తనాళాలను సడలనిస్తారు. ఆ తర్వాతే గుండెవేగం తగ్గించే బీటా బ్లాకర్. ఈ వరుస తిరగబడితే బీపీ ప్రమాదకరంగా పెరుగుతుంది.

ఇప్పుడు మూడో ప్రశ్న: ఇది క్షయ లాంటి ఇన్ఫెక్షనా? రెండు అడ్రినల్స్ ఒకేసారి ఉబ్బి కనిపిస్తే, పడమటి దేశాల పుస్తకాలు ముందు వేరేచోట నుంచి పాకిన కేన్సర్ గురించి చెబుతాయి. మన దగ్గర దాంతో పాటే క్షయను, హిస్టోప్లాస్మా అనే బూజును తలుచుకోవాలి. 1855లో లండన్‌లో థామస్ అడిసన్ అడ్రినల్స్ పాడైన రోగుల గురించి పుస్తకం రాసినప్పుడు వాళ్లలో ఎక్కువమందిని దెబ్బతీసింది క్షయే. ఇంగ్లండులో ఆ రోజులు పోయాయి. మన దగ్గర పోలేదు. చెన్నైలో తాంబరం వైపు లోకల్ ట్రైన్‌లో వెళ్లేవాళ్లకు, క్షయ ఆసుపత్రి పేరుతో ఉన్న శానటోరియం అనే స్టేషన్ ఇప్పటికీ వస్తుంది. క్షయ రోగుల్ని పడకల మీద ఉంచాల్సిన పనిలేదు, ఇంట్లోనే మందులిచ్చి నయం చేయవచ్చని ప్రపంచానికి నిరూపించిన మద్రాసు అధ్యయనం జరిగిందీ ఈ ఊళ్లోనే. 1956లో చేట్‌పట్‌లో మొదలైన ఆ కేంద్రమే ఇప్పటి జాతీయ క్షయ పరిశోధన సంస్థ.

ఈ జబ్బుల్లో గడ్డ పైకి కేన్సర్‌లాగే కనబడుతుంది. అంకె ఎక్కువ, సైజు పెద్దది. కానీ రోగి బరువు తగ్గి, నీరసించి, చిగుళ్లు, అరచేతి గీతలు నల్లబడి ఉంటాడు. హార్మోను ఎక్కువ కాదు, తక్కువ. అందుకే రెండు వైపులా గడ్డలుంటే పొద్దుటి కార్టిసాల్ తగ్గిందేమో చూడటం తప్పనిసరి. మెటానెఫ్రిన్ మామూలుగా ఉందని తేలాక, సూదిపరీక్షకు నిజంగా చోటున్నది ఇక్కడే. క్షయ అని తేలితే క్షయ మందులు, బూజు అయితే ఇట్రాకొనజోల్. ఇక్కడా ఒక మెలిక. రిఫాంపిసిన్ శరీరంలోని కార్టిసాల్‌ను కూడా వేగంగా ఖర్చుపెట్టిస్తుంది. అడ్రినల్స్ దెబ్బతిన్న మనిషికి అది మొదలుపెట్టేటప్పుడు స్టెరాయిడ్ మోతాదు సరిచూడకపోతే, నయంచేయాల్సిన మందే మనిషిని కూలదోస్తుంది.

ఆపరేషన్ అవసరమైన కొద్దిమందికి ఇప్పుడు దారి సులువైంది. 1992లో మిషెల్ గాన్యే లాపరోస్కోపీతో అడ్రినల్ తీయడాన్ని ప్రపంచం ముందు పెట్టాక పెద్ద కోతల రోజులు దాదాపు పోయాయి, కేన్సర్ అనుమానమున్న పెద్ద గడ్డలకు తప్ప. మద్రాసు మెడికల్ కాలేజీలో, వేలూరు సీఎంసీలో హార్మోన్ గ్రంథుల శస్త్రచికిత్సకు వేరే విభాగాలే ఉన్నాయి. ఇలాంటి ఆపరేషన్ తరచూ చేసే చోటే చేయించుకోవాలి. కార్టిసాల్ గడ్డ తీశాక ఇన్నాళ్లూ నిద్రపోయిన రెండో గ్రంథి లేవడానికి నెలలు పడుతుంది. ఆలోగా హైడ్రోకార్టిసోన్ మాత్రలు డాక్టరు చెప్పకుండా ఒక్క పూట కూడా మానకూడదు.

మిగతావాళ్ల సంగతి? 2019లో పలు దేశాల అధ్యయనాలను కలిపి చూసిన ఒక పరిశీలనలో 4,121 మంది ఉన్నారు. హార్మోను ఏమీ వదలని, లేదా కొద్దిగా కార్టిసాల్ మాత్రమే వదిలే గడ్డలు వాళ్లవి. నాలుగేళ్ల పైచిలుకు కాలంలో గడ్డ సగటున పెరిగింది రెండు మిల్లీమీటర్లు. సెంటీమీటరు దాటి పెరిగినవి నూటికి రెండున్నర. కేన్సర్‌గా మారినది ఒక్కటీ లేదు. ఇది చదివాక కూడా ఆరు నెలలకోసారి సీటీ తీయించుకోవాలనిపిస్తే, ఆ రేడియేషన్ దేనికోసం భరిస్తున్నారో డాక్టరును అడగండి.

అంకె పదిలోపు, రాత్రి మాత్రల పరీక్ష మామూలు, బీపీ లేదు, పొటాషియం సరిగా ఉంది అంటే ఆ గడ్డ గురించి ఇక చేయాల్సిందేమీ లేదు. ‘మళ్లీ రానక్కర్లేదు’ అని డాక్టరు అంటే నమ్మండి. ఇంకో ఆసుపత్రికి పరుగెత్తకండి. కానీ ఆ స్కాన్ సీడీని మాత్రం పారేయకండి. కాగితం రిపోర్టు చాలాసార్లు సైజు ఒక్కటే చెబుతుంది. సీడీలో మూల చిత్రాలుంటాయి. పదేళ్ల తర్వాత మరో ఊళ్లో మరో స్కాన్‌లో ఇదే గడ్డ మళ్లీ కనబడితే, ఏ రేడియాలజిస్టయినా పాతదాన్ని తెరిచి వృత్తం గీసి అంకె చూసుకోగలడు. ఆ ఒక్క సీడీతో కొత్త పరీక్షలు చాలావరకు తప్పుతాయి. దాన్ని పెళ్లి ఆల్బమ్ పక్కనే, పేరూ తేదీ రాసి పెట్టుకోండి.